ఆ ముహూర్తానికి తిరుగులేదు

“ఏం ముహూర్తం పెట్టారండీ, సిద్ధాంతిగారూ!”

పాత గుంటూరులో శ్రీకృష్ణ సిద్ధాంతి ఇంటి ముందు నిలబడి, వీధి వీధంతా వినపడేలా అరుస్తున్నాడు పిచ్చయ్య. వెనకాల అతని కొత్త కారు, దాన్ని తోసుకొచ్చి రొప్పుతున్న ఇద్దరు ఆటోవాళ్ళు. కారు ముందు మాత్రం నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ గుచ్చిన దండ నిగనిగలాడుతోంది.

సిద్ధాంతి పరుగున వచ్చి గేటు తీశాడు. “లోపలికి రావయ్యా! వీధిలో ఎందుకు ఈ గోల?”

“గోల కాక ఏంటండీ? పత్తిచేను అమ్మి కొన్నా దీన్ని. టాక్సీ తోలుకుని బతుకుదామనుకుంటే నాతో తోయించుకుంటోంది. నిన్న మా ఊరి జానీబీని కాన్పుకి పెద్దాసుపత్రికి తీసుకొస్తుంటే నట్టనడిమి రోడ్డు మీద ఆగిపోయింది. దారినపోయే లారీ ఎక్కించి పంపా. ఆ అమ్మాయి అదృష్టం బాగుండి తల్లీబిడ్డా క్షేమం. ఇంక మా ఊళ్ళో నా బండి ఎవరెక్కుతారు?”

అమ్మేసిన చేనులోనే మళ్ళీ కూలికి వెళ్ళాలేమోనని అతని భయం.

“షోరూమువాళ్ళేమన్నారు?”

“బండిలో ఏ లోపమూ లేదు, వేళ మంచిది కాదేమో అన్నారండీ. శాంతి చేయించా. మళ్ళీ పూజ చేయించా. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఊరు దాటానో లేదో, ఆగింది.”

సిద్ధాంతి మొహం ఎర్రబడింది. “వేళ మంచిది కాదన్నారా! ఆ ముహూర్తానికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు. ఏడాది మొత్తానికి అంత మంచి ఘడియ మరోటి లేదు. కాబట్టే నేను కూడా...” ఆగిపోయి, కండువాతో మొహం తుడుచుకున్నాడు. “ఇంజను వేడెక్కాక, గేరు మారుస్తున్నప్పుడు ఆగుతుంది. ఆగేముందు పెట్రోలు వాసన కొడుతుంది. అవునా?”

పిచ్చయ్య నోరు తెరిచాడు. “జాతకంలో కనపడిందాండీ?”

“కనపడిందిలే. తప్పు గ్రహాలది కాదు, బండిది. దీనికి శాంతి చేయించాల్సింది వినియోగదారుల ఫోరంలో.”

“ముందు బండిని ఆ షెడ్డులో పెట్టనివ్వండి. ఎండకి మాడిపోతోంది.”

“అక్కడ చోటు లేదు. పాత సామానుంది.” షెడ్డుకున్న తాళం వైపు ఒకసారి చూసి చూపు తిప్పేసుకున్నాడు సిద్ధాంతి.

అరుగు మీద కూర్చున్నాక పిచ్చయ్య తల గోక్కున్నాడు. “ప్లీడర్ని పెట్టే స్తోమత నాకెక్కడిదండీ?”

“అక్కర్లేదు. కొన్న రెండేళ్ళలోపు ఫిర్యాదు నువ్వే రాసిచ్చుకోవచ్చు. రిపేరుకి వెళ్ళినప్పుడల్లా వాళ్ళిచ్చిన చీటీలున్నాయా?”

“మా ఆవిడ శివపార్వతి బియ్యం డబ్బాలో దాచిందండీ.”

“బతికించింది. ఒకసారి చెడితే రిపేరు. ఎన్నిసార్లు బాగుచేసినా అదే చోట చెడుతుంటే తయారీలోనే లోపం. కొత్తదన్నా ఇమ్మను, డబ్బన్నా వాపసు ఇమ్మను. అది నీ హక్కు.”

“ఇదంతా మీకెట్టా తెలుసండీ?”

“చదువుకున్నాలే. కానీ నా పేరు ఎక్కడా రాకూడదు. ఇంకో మాట. నువ్వు గెలిస్తే, ఇట్టాంటి బండితోనే ఏడుస్తున్న ఇంకొకడి తరఫున సాక్ష్యం చెప్పాలి.”

“ఎవరికైనా చెబుతానండీ!” చేతిలో చెయ్యేశాడు పిచ్చయ్య.

ఫోరంలో కేసు వాయిదా రోజున సిద్ధాంతి ఆటోలో వచ్చి, కండువా తలమీదుగా కప్పుకుని, ఎవరో పరాయివాడిలా వెనక బెంచీలో కూర్చున్నాడు. పిచ్చయ్యే బండిని మిర్చి యార్డు చుట్టూ తిప్పి ఇంజను నిండా కారం దుమ్ము పట్టించాడని వాదించాడు షోరూము ప్లీడరు. అది నిలవకపోయేసరికి, టాక్సీ తిప్పేవాడు వ్యాపారి, వినియోగదారుడు కానే కాదన్నాడు.

పిచ్చయ్య వెనక్కి చూశాడు. కండువా చాటు నుంచి సిద్ధాంతి తల ఊపాడు. నేర్పిన మాట గుర్తొచ్చింది.

“తోలేది నేనండీ. తినేది నా ఇంటోళ్ళు. పొట్టకూటికి సొంతంగా తోలుకునేవాడు వినియోగదారుడేనని చట్టంలోనే ఉందండీ.”

కారుని పరీక్షించమని ఫోరంవాళ్ళు ఇంజనీరింగు కాలేజీ లెక్చరరు ప్రసన్నకుమార్‌ని పంపారు. కారులో అమరావతి రోడ్డు దాకా వెళ్ళిన ఆ పెద్దమనిషి ఆటోలో తిరిగొచ్చాడు. ఇక వాదించడానికి ప్లీడరుకి ఏమీ మిగల్లేదు.

కొత్త కారు ఇవ్వమని తీర్పు వచ్చిన మర్నాడు పిచ్చయ్య స్వీటు పొట్లంతో సిద్ధాంతి ఇంటికి పరిగెత్తాడు. “మీరు నాకు బతుకిచ్చారండీ! జానీబీ అప్పుడే బిడ్డని తీసుకుని పుట్టింటికి నా బండిలోనే వెళ్తానంది. ఇంక కొత్త కారుకి మంచి ముహూర్తం పెట్టండి.”

సిద్ధాంతి స్వీటు అందుకోలేదు. “ముందు ఇది చెప్పు. ఊళ్ళో ఏమనుకుంటున్నారు?”

“బండే దగా అంటున్నారండీ. షోరూమువాళ్ళని తిట్టనివాడు లేడు.”

“మరి నా ముహూర్తాన్ని?”

“దాని ఊసే లేదండీ. ముహూర్తబలం వల్లే కేసు గెలిచావంటున్నారు!”

సిద్ధాంతి గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలాడు. పొట్లం విప్పి లడ్డూ నోట్లో వేసుకున్నాడు. “ఇంకా రెండేళ్ళు నిండలేదు. నువ్విచ్చిన మాట గుర్తుందా, పిచ్చయ్యా?”

“సాక్ష్యమేగా? ఉందండీ. ఇంతకీ ఆయనెవరు? ఏ ఊరు?”

సిద్ధాంతి వీధికి అటూ ఇటూ చూసి, జంధ్యానికి కట్టుకున్న తాళంచెవి తీసి షెడ్డు తలుపు తెరిచాడు. పిచ్చయ్య లోపలికి తొంగిచూశాడు.

అచ్చం అతని పాత కారులాంటిదే ఇంకోటి, మళ్ళీ చేసిన పూజలో చక్రాల ముందు పెట్టి, చితక్కుండానే ఎండిపోయిన నిమ్మకాయలతో నిలబడి ఉంది.