పెళ్లిచూపులకొచ్చిన అంబాసిడర్

“అమ్మాయికి ఏమేమి వచ్చు?” కాఫీ గ్లాసు కింద పెడుతూ అడిగింది పెళ్లికొడుకు తల్లి.

“వంట వచ్చు వదినా. ఇంకేమీ రాదు,” అంది సుబ్బలక్ష్మమ్మ.

నాగజ్యోతి తల దించేసుకుంది. తండ్రి గిడ్డయ్యకు మనసు చివుక్కుమంది. ఇంకేమీ రాదా! మెకానిక్కుగా తనకు పేరు తెచ్చిన చెవులకు సన్న చప్పుళ్లు అందడం మానేశాక, మూడేళ్లుగా షెడ్డు నడుపుతున్నది ఈ పిల్ల కాదూ! కర్నూలులో పాత కార్ల వాళ్లంతా వెతుక్కుంటూ వచ్చేది ఎవరికోసమట! కానీ ఏం చేస్తాడు? ఆ ఊసెత్తనని పొద్దున్నే భార్య ఒట్టు వేయించుకుంది. గ్రీజు చేతుల పిల్ల మాకొద్దని ఇప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి.

సుబ్బలక్ష్మమ్మ వీధిలోకి వెళ్లి తమలపాకులు తెచ్చి తాంబూలాలిచ్చింది. “ఏ సంగతీ కబురు పెడతాం,” అంటూ వచ్చినవాళ్లు లేచారు.

పెళ్లికొడుకు తండ్రి ఓబుళేశు తన పాత అంబాసిడర్ స్టార్ట్ చేశాడు. బండి గడగడ వణికి ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ ఆగింది.

“కోడుమూరు నుంచి బాగా వచ్చె కదప్పా! నువ్వు చూడు బావా,” అన్నాడు గిడ్డయ్యతో.

గిడ్డయ్య వంగి చెవి పెట్టాడు. ఏమీ అందలేదు. “కార్బొరేటర్ విప్పాల్నేమో...” అని నసిగాడు.

“విప్పొద్దు నాయనా!” పట్టుచీర కుచ్చిళ్లు దోపుకుని వచ్చేసింది నాగజ్యోతి. “యాడో గాలి పీలుస్తాండాది. ఆగిపోకుండా యాక్సిలేటర్ తొక్కి పట్టండి.”

రబ్బరు ట్యూబు ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసను ఇంజను అతుకుల వెంబడి మెల్లగా తిప్పింది. కార్బొరేటర్ పక్కన సన్న గొట్టం దగ్గర చెయ్యి ఆగింది.

“ఈడ బుస్సుమంటాండాది.”

అక్కడ వేలితో మూసింది. అంతే, వణుకు పోయి ఇంజను నిమ్మళంగా తిరిగింది. గొట్టం అడుగున గోరంత చీలిక. షెడ్డులోంచి కొత్తది తెచ్చి క్షణంలో బిగించింది.

“ఇంత విద్య పెట్టుకుని వంట ఒకటే వచ్చంటారేమప్పా!” ఓబుళేశు గట్టిగా నవ్వాడు. “కబురూ లేదు, గిబురూ లేదు. ఈ పిల్లే మా కోడలు!”

“నా బిడ్డప్పా అది!” వీధంతా వినబడేలా అరిచాడు గిడ్డయ్య. అరిచాక ఒట్టు గుర్తొచ్చింది.

కారు మలుపు తిరిగేదాకా ఆగి, బెదురుగా భార్య వైపు చూశాడు. ఆమె కళ్లు తుడుచుకుంటోంది.

“నేనేం చెప్పలేదే. మన అదృష్టం కొద్దీ గొట్టం చీలె.”

సుబ్బలక్ష్మమ్మ అతని చెవి దగ్గరికి వంగింది. “బిడ్డ తల దించుకుంటే చూడలేకపోతినయ్యా,” అంది.

“తమలపాకులకు పోయినప్పుడు ఆ గొట్టాన్ని నేనే కోస్తి.”