ఫొటోకి దొరకని అమ్మ

చెప్పింది చెప్పినట్టు బొమ్మ గీసే గోడలు ఇంటింటికీ వచ్చేసిన రోజులవి. కెమెరా చూస్తేనే ముఖం తిప్పేసుకునే హైమ వాళ్లమ్మ మాత్రం ఒక్క ఫొటో కూడా మిగల్చకుండా పోయింది. రేపు సంవత్సరీకం. దండ వేయడానికి బొమ్మ కావాలి. పొద్దుటి నుంచి హైమ చెబుతూనే ఉంది, గోడ గీస్తూనే ఉంది. ఏ ముఖమూ అమ్మది కాలేదు.

"ఇంక ఏదో ఒకటి ఖాయం చెయ్యవే," అన్నాడు భర్త భాస్కర్.

హైమ గోడతో అంది. "అమ్మ స్కూటర్ నడుపుతోంది. వెనకాల కూర్చుని నేను బడికెళ్తున్నా. నాకు కనిపించినట్టు గియ్యి."

వెలిసిపోయిన నీలం జాకెట్టు, జారిన ముడి, చెమట పట్టిన మెడ గోడ మీద కనిపించాయి.

"వీపుకి దండేస్తారా ఎవరైనా?" అన్నాడు భాస్కర్.

హైమ గోడ దగ్గరికెళ్లి, నిద్ర తీరని బడిపిల్లలా ఆ వీపుకి చెంప ఆనించింది.