కుడి పక్కకు పో బిడ్డా

“ఎడమకు కాదు, కుడి పక్కకు పో బిడ్డా.”

రూత్ ఉలిక్కిపడి ఆగింది. చేతిలో టిఫిన్ డబ్బా ఊగింది.

మూతబడిన మగ్గాల షెడ్డు మెట్టు మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పొడుగాటి వెదురు కర్ర. లుంగీకి మోకాళ్ల దాకా బురద. ముఖం సరిగ్గా ఆమె వైపే తిరిగి ఉంది.

గల్లీకి రెండు పక్కలా బండలు కప్పిన మురుగు గట్టర్లే. ఎడమ పక్క బండ నిజంగానే ఊగుతోంది. ఆమె కుడి పక్క నుంచే వెళ్లింది.

పెళ్లై నలభై రోజులు. సిరిసిల్లలో డిగ్రీ చదివిన పిల్ల ముంబై పక్కన భివండిలో ఒక్క గది కాపురానికి వచ్చింది. ఇమ్మానుయేల్ పొద్దున ఎనిమిదికి మగ్గాల మీదికి పోతే మళ్లీ రాత్రి ఎనిమిదికే. ఈలోగా ఆమెతో మాట్లాడేది కుక్కరొక్కటే.

అందుకే మధ్యాహ్నం డబ్బా తీసుకెళ్లడం ఆమెకు పండగ.

కామత్‌ఘర్ గల్లీ దాటి ధామన్కర్ నాకా కూడలిలో అతని కార్ఖానా గేటు దాకా పావుగంట నడక. బయటికొచ్చిన మొగుడి కనుబొమ్మల నిండా పత్తి నూగు ఉండేది. దాన్ని ఉఫ్‌మని ఊది, పక్కన కూర్చుని, అతను తింటుంటే చూసేది. ఇరవై నిమిషాలు. పగలంతటికీ అంతే.

“గల్లీ మంచిగ లేదు. ఒక్కసారి పడ్డవంటే డబ్బా బంద్. అందరి లెక్క నేను బిస్సీల తింట,” అన్నాడు ఇమ్మానుయేల్ మొదటి రోజే. బిస్సీ అంటే మగ్గాలవాళ్లు నెలకింతని కట్టి తినే మెస్సు.

పడనని ఆమె మాటిచ్చింది.

చెల్లెలు మెర్సీ కాపురం షోలాపూర్‌లో. అదీ మగ్గాల ఊరే. ఎవరి ఊరు గొప్పదో ఫోన్లో రోజూ పోటీ.

మెర్సీ తన ఇంటి ముందు రోడ్డు వెడల్పు చెబితే రూత్ ఇక్కడి ఫ్లైఓవర్ పొడవు చెప్పేది. సాయంత్రం మొగుడితో కబుర్లాడుతూ బజారు దాకా నడిచొచ్చామని మెర్సీ అంటే, షేర్ ఆటోలో మోకాళ్లు ముడుచుకుని చర్చికి వెళ్లొచ్చిన సంగతి రూత్ దాచిపెట్టేది.

“ఫ్లైఓవర్ మీద నడుస్తవా ఏంది అక్కా?” అంది మెర్సీ ఒక రోజు. “మా తాన కొత్త ఫుట్‌పాత్ ఏసిండ్రు. నడిమిట్ల పసుపు పలకలు, వాటి మీద బుడిపెలు. చెప్పులేసుకున్నా కాళ్లకు తెలుస్తయ్.”

రూత్ నడుస్తూ స్పీకర్‌లో మాట్లాడుతోంది. మెట్టు మీది ముసలాయన మెడ చాచాడు.

“గా పలకలున్నది ఏ ఊర్ల బిడ్డా?”

మాటలు కూడా వింటున్నాడన్నమాట. “షోలాపూర్,” అని ఆ మాట అతని మీదికి విసిరేసి గబగబా వెళ్లిపోయింది.

అప్పటి నుంచి కనిపెట్టడం మొదలుపెట్టింది. తన పట్టీల చప్పుడు వినబడగానే ఆ తల తిరుగుతుంది. మలుపు దాకా ఆ ముఖం వెంటే వస్తుంది. రెప్ప కూడా వాల్చడు. పైగా రోజుకో హుకుం. ఇవాళ ఎడమకు రమ్మంటాడు, రేపు నడిమిట్ల నుంచి పొమ్మంటాడు.

ఒక మధ్యాహ్నం ఆగిపోయింది.

“తాతా, నాకు కండ్లున్నయి. నేను చూసుకోని నడుస్త. నువ్వు నా దిక్కు చూసుడు బంద్ చెయ్.”

ముసలాయన ఏదో అనబోయి, కర్రను ఒళ్లోకి లాక్కున్నాడు.

“మంచిది బిడ్డా,” అన్నాడు.

మర్నాటి నుంచి అతను నోరు తెరవలేదు. తల మాత్రం తిరుగుతూనే ఉంది.

ఇమ్మానుయేల్‌కు చెబితే ముందు డబ్బా ఆపిస్తాడు. అందుకని అతనికి చెప్పలేదు. షెడ్డు షట్టర్ మీద కిరాయికని రాసిన నంబరుంది. దానికి ఫోన్ చేసింది. ఎక్కడో థానే ఊళ్లో ఉండే ఓనరుకు, మీ మెట్టు మీద ఒకడు కూర్చుని ఆడవాళ్లను చూస్తున్నాడని హిందీలో చెప్పింది. పేరడిగితే ఫోన్ పెట్టేసింది.

మూడో రోజుకు మెట్టుకు అడ్డంగా ఇనుప గ్రిల్ వచ్చింది. మెట్టు ఖాళీ.

రాత్రంతా వాన కురిసి గల్లీలో మోకాళ్లలోతు నీళ్లున్నాయి. అయినా ఆమెకు ప్రాణం హాయిగా ఉంది. డబ్బాలో కోడిగుడ్డు పులుసు ఇంకా వెచ్చగా ఉంది. నీళ్లను తన్నుకుంటూ, మొదటి రోజు విన్నట్టే కుడి పక్క నుంచి నడిచింది.

అక్కడ బండ లేదు.

కాలు తొడ దాకా గట్టర్‌లోకి దిగిపోయింది. డబ్బా మూత ఒక్కటే నీళ్ల మీద తేలుతూ వెళ్లింది.

కిరాణం కొట్టు సత్తెమ్మ పరుగున వచ్చి రెక్క పట్టుకుని లాగింది. కొట్టు ముందు కూర్చోబెట్టి కాలి మీద నీళ్లు పోసింది. రోజూ తెల్లారకముందే హనుమాండ్లు తాత కర్రతో ఈ గల్లీ బండలన్నీ ఒక్కొక్కటే పొడిచి చూసేవాడట. ఏది ఊగిందో, ఏది పోయిందో మెట్టు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లకు చెప్పేవాడట.

“ఇప్పుడు ఏడున్నడు?” అంది రూత్.

“పొద్దుగాల్నే ఆటో ఎక్కి భివండి రోడ్ స్టేషన్‌కు పోయిండు. షోలాపూర్‌ల ఏవో పసుపు పలకలున్నయట. కాళ్లతోని తడుముకుంట ఒక్కడే నడవచ్చట.”

ఒంటిగంట దాటింది. నాకా దగ్గర గేటు బయట నిలబడి ఇమ్మానుయేల్ ఆమె వచ్చే దారి చూస్తూ ఉంటాడు. రేపటి నుంచి బిస్సీకి పోతాడు. మెర్సీ చేస్తున్నట్టుంది, సంచిలో ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

సత్తెమ్మ ఆమె పట్టీలో ఇరుక్కున్న దారం పోగు తీస్తూ, తల ఎత్తకుండానే అంది.

“ఆడోళ్లను చూస్తుండని ఎవతో ఫోన్ చేసిందట. మగ్గంల దారంతోని అటు ఇటు ఉరికే నాడె ఎగిరొచ్చి తాకి ఇరవై ఏండ్ల కిందనే రెండు కండ్లు పోయినోడు, ఎవల్ని చూస్తడు బిడ్డా?”