సీలేసిన కుర్చీ

హలో, వినపడుతోందా అందరికీ? తిన్నారా? తినకపోతే ముందు తినేసి రండి. ఈ కథ విన్నాక ముద్ద దిగకపోతే నన్ననకండి.

ఆ రోజు గోడౌన్‌లో ఐదారుగురున్నారు. అందరూ నిలబడే ఉన్నారు. చుట్టూ ఎనిమిది వందల మడత కుర్చీలున్నా, ఒక్కరికీ కూర్చునే ధైర్యం లేదు.

కుర్చీలు అద్దెకిచ్చే షాపు బావగారిది. చైనా నుంచి సరుకు తెప్పించే పని ఆయన బావమరిదిది. అతన్ని అందరూ కుర్చీల మావయ్య అంటారు.

చైనా ఫ్యాక్టరీలో అమ్మకాలు చూసే ఆవిడతో మావయ్యకి రెండేళ్ళ పరిచయం. ఫోన్లో యాప్ ఒకటి అటు మాట ఇటు, ఇటు మాట అటు మార్చి చెప్పేది. మావయ్య ఆవిణ్ణి చెల్లెమ్మా అనేవాడు. “అన్నా, తిన్నావా?” అనే రెండు ముక్కలు నేర్పించాడు కూడా. మా వైపూ పాతకాలం పలకరింపు ఇదేనని ఆవిడ నవ్వింది. అప్పట్నుంచి ఏ కాల్ అయినా ఆ మాటతోనే మొదలు.

ఈ వ్యాపారంలో ఒక పద్ధతుంది. ఆర్డరుకి ముందు రెండు శాంపిల్ కుర్చీలు చేస్తారు. కొనేవాడు సరేనంటే వాటిని అట్టపెట్టెల్లో పెట్టి, సీలేసి, టేపు మీద ఇద్దరూ సంతకాలు పెడతారు. ఒక పెట్టె అక్కడ, ఒక పెట్టె ఇక్కడ. రేపు పేచీ వస్తే ఆ పెట్టెలే సాక్షులు. మావయ్య స్వయంగా వెళ్ళి, కూర్చుని, ఊగి మరీ చూసి సంతకం పెట్టొచ్చాడు.

వచ్చాక బేరం ధర దగ్గర బిగుసుకుంది. మావయ్యేమో అప్పటికే బావ దగ్గర కోతలు కోసేశాడు, నా నోటి ముందు చైనా వాళ్ళెంత బావా, చూస్తూ ఉండు అని. ఆవిడ మూడు రోజులు కుదరదంది. నాలుగో రోజు దిగొచ్చింది. ఆ సాయంత్రం బావ నలుగురిలో బావమరిది భుజం తట్టాడు. బావ పెళ్ళైన ముప్పై ఏళ్ళలో తట్టడం అదే మొదలు.

కుర్చీలొచ్చాయి. మూడో అద్దెకే, ఒక సభలో, రిటైరైన హెడ్మాస్టారు కూర్చున్నారు. కుర్చీ కాలు మోకాలు మడిచినట్టు మడుచుకుంది. ఆయన మణికట్టు విరిగింది. వెనక వరసలో ఎవరో నవ్వారు కూడా.

ఆసుపత్రి బెంచీ మీద బావ ఒకటే మాట అన్నాడు.

“మన షాపు కుర్చీ అంటే జనం వెనక్కి చూడకుండా కూర్చునేవాళ్ళురా.”

ఆ చైనావాళ్ళని పిలిపించి ఇక్కడే తేల్చుకుందామన్నాడు. పోనీలే బావా, అంత దూరం నుంచి ఏమొస్తారు, నష్టం మనమే పడదామన్నాడు మావయ్య. నీ మెత్తదనం చూసే నెత్తినెక్కారని కసిరి, బావ తనే ఫ్యాక్టరీకి ఫొటోలు పంపాడు. వారం తిరక్కుండా ఆవిడ దిగింది. ఒక్కర్తే. వెంట తన అట్టపెట్టె.

అదిగో, అందుకే అందరూ గోడౌన్‌లో నిలబడ్డారు.

రెండు పెట్టెలూ విప్పారు. వెల్డింగ్ మేస్త్రీ గేజీ పెట్టి కొలిచాడు. రెండు శాంపిళ్ళూ అచ్చం ఒకటే, కాలి గొట్టం దిట్టంగా ఉంది. తర్వాత గోడౌన్ కుర్చీ కొలిచాడు. మందం సగానికి కాస్త ఎక్కువ, అంతే.

“గొట్టమంటారా దీన్ని? కొబ్బరిబోండాంలో పెట్టుకుని తాగొచ్చు,” అన్నాడు మేస్త్రీ.

బావ మావయ్య భుజం మీద చెయ్యేసి, గొంతు పెంచకుండానే అడిగాడు.

“ఏమ్మా, చూపించిందొకటి, పంపిందొకటా? మావాడు నిన్ను నోరారా చెల్లెమ్మా అంటాడే!”

యాప్ ఆ మాట ఆవిడకి చెప్పింది. ఆవిడ మొహం కందిపోయింది. ఫోన్లో ఏదో పైకి తోస్తూ తోస్తూ వెతికింది. సాకు దొరకట్లేదు కాబోలని గొణిగాడు మేస్త్రీ. మావయ్య తలెత్తలేదు, చెవుల దాకా చెమట. నమ్మి మోసపోయిన సిగ్గు, పాపం, అనుకున్నారంతా.

ఆవిడ మావయ్యని చూసింది. అతని భుజం మీదున్న బావ చేతిని చూసింది. వెతకడం ఆపేసి, ఫోన్‌కి ఏదో చెప్పింది. ఫోన్ వార్తలు చదివినట్టు చదివింది.

“తప్పు మాది. క్షమించండి. కొత్త కుర్చీలు మా ఖర్చుతో పంపుతాము.”

నడుం దాకా వంగింది. ఆ వంగిన మనిషిని చూసి మేస్త్రీ కూడా గేజీ జేబులో పెట్టేసుకున్నాడు.

కారెక్కేముందు, యాప్ లేకుండా, మావయ్యతో ఒక్క మాటంది.

“అన్నా, తిన్నావా?”

మావయ్య కారు తలుపేసి పక్కకి జరిగాడు.

అన్నట్టే ఎనిమిది వందలూ వచ్చాయి, రాళ్ళలాంటివి. హెడ్మాస్టారు చేతికట్టుతోనే వచ్చి, కూర్చుని, బావ పరువు నిలబెట్టారు. ఆ కుర్చీలు మళ్ళీ సభలకి వెళ్తున్నాయి. చైనా కంపెనీ మెడలు వంచాడండీ మావాడు అని బావ ఇప్పటికీ కనపడ్డవాళ్ళకల్లా చెప్తుంటాడు. ఆవిడ మాత్రం ఆ ఫ్యాక్టరీలో లేదు. ఎనిమిది వందల కుర్చీల తప్పుకి ఉద్యోగం తీసేశారట. ఆ నంబరుకి చేస్తే ఇప్పుడు వేరే ఎవరో ఎత్తుతున్నారు, తిన్నావా అని అడగరు.

మీకు దణ్ణం పెడతాను, ఈ వాయిస్ మెసేజ్‌ని మీ గ్రూపులన్నిట్లో పెట్టండి, చేతులు మారి మారి మా బావ ఫోన్‌కి చేరేదాకా పంపండి, ఎదురుగా చెప్పే మొహం లేదు, ఆ నాలుగో రోజు ‘గొట్టం పల్చన చేసైనా ధర తగ్గించు చెల్లెమ్మా, మా బావకి మాత్రం తెలియనివ్వకు’ అని ఆవిడకి రాసింది నేనే.