స్కూటరు అలక

రిటైరైన హెడ్‌మాస్టరు పొద్దున్నే పాత స్కూటర్ని పక్కకి వంచి, నిలబెట్టి, కిక్కు కొట్టాడు. అది ఉలకలేదు, పలకలేదు.

"చూశావా, మళ్ళీ అలిగింది! ఇప్పటి బళ్ళు మీట నొక్కితే కదుల్తాయి. దీనికి ప్రాణముంది, బతిమాలాలి" అన్నాడు మురిసిపోతూ.

"మరేనండీ" అంది భార్య వంటింట్లోంచి.

ప్లగ్గు విప్పి, తుడిచి, ఊది, బిగించి, చెమటలు కక్కుతూ తన్నగా తన్నగా బండి దగ్గింది. వీధంతా పొగ. "అదీ, నా బంగారం!" అన్నాడాయన.

కూరలో ఉప్పెంత, కారమెంత అని పక్కన నిలబడి పాఠం చెప్పేవాళ్ళు లేక, వంట అప్పటికే హాయిగా ముగిసింది.

ఆయన భోంచేసి కునుకు తీస్తుండగా ఆవిడ పానా పట్టుకుని బండి దగ్గరికెళ్ళింది. చల్లారిన ప్లగ్గు విప్పి, వంటనూనె రాసి, మళ్ళీ బిగిస్తూ బతిమాలింది.

"రేపు కూడా ఇలాగే అలగవే, తల్లీ!"