దీప పేరు మీదున్న ఇంజన్

"ఈ ఇంజన్ నాకొద్దు. కాయితాల్ల పేరు ఈయనది గాదు," అంటూ కిష్ట్యా అడ్డంగా నిలబడ్డాడు.

మిర్యాలగూడలో యేసయ్య మెకానిక్ షెడ్డు. ఇంజన్ మార్చడానికి పొద్దుటి నుంచి పాత వ్యాన్‌ను ఖాళీ చేస్తున్నారు. మంచం, పరుపు, గ్యాస్ పొయ్యి, నీళ్ల డబ్బా, కిటికీ పరదాలు అన్నీ దిగాయి. వారానికి మూడుసార్లు భార్య నీలాను సూర్యాపేటకు డయాలసిస్‌కు తీసుకుపోవాలి. కూర్చుని ప్రయాణించే ఓపిక ఆమెకు లేదు. అందుకే కిష్ట్యా ఆ వ్యాన్‌ను చిన్న ఇల్లులా మార్చుకున్నాడు. పోయిన వారం గరిడేపల్లి దాటాక బండి రెండుసార్లు ఆగింది. రెండోసారి నీలా ఊపిరందక, అతని చేయి పట్టుకుని చెమటలు కక్కింది. రేపు మళ్లీ పోవాలి.

తండాలో చూసేవాళ్లు లేక నీలాను కూడా వెంట తెచ్చుకున్నాడు. దించిన మంచం మీదే షెడ్డు నీడలో పడుకుంది.

కోదాడ నుంచి ట్రాలీ ఆటోలో ఇంజన్ తెచ్చిన సాయికుమార్‌కు ముప్పై ఏళ్లుంటాయి. ఎవరూ అడగకుండానే మంచం దించడానికి చేయి వేశాడు. "డయాలసిస్ సూదులు గుచ్చే ఆ ఎడమచెయ్యి ఒంటి కింద పడకుండా చూసుకోండక్కా," అని నీలాకు చెప్పాడు. కిష్ట్యాకు అవి నంగనాచి మాటల్లా తోచాయి.

"ఇంజన్ బంగారం కిష్ట్యా," అన్నాడు యేసయ్య. "ఆయిల్ సుక్క గారుతలేదు."

"గందుకే నా పరేషాన్. గింత మంచిది ఎవలన్న ఊడదీసి అమ్ముతరా? దొంగదైతే పోలీసోళ్లు బండి గుంజుకపోతరు. ఇగ నీలా దవాఖానకు ఎట్ల వోతది?" సాయికుమార్ వైపు తిరిగాడు. "ఆర్సీల దీప అని ఉన్నది. ఎవలామె?"

"మా ఆవిడండీ."

"అయితే ఫోన్ జెయ్యి. ఆమె నోటితోని చెప్తెనే నా బండ్లె ఎక్కించుత."



"మనిషిని గట్ల నిలదీస్తరా?" నీలా మోచేతి మీద లేస్తూ భర్తను కసిరింది. "తమ్మీ, ఫోన్ కలిపి నాకియ్యి. మీ ఆమెతోని నేను మాట్లాడుత. నా పానం కోసం బండి ఇంజనే ఇస్తున్నది. సల్లగుండాలె తల్లి."

సాయికుమార్ జేబులో చేయి పెట్టాడు. ఫోన్ మాత్రం తీయలేదు. "ఇప్పుడు... ఎత్తదక్కా."

"సూసినవా!" అన్నాడు కిష్ట్యా. "యేసన్నా, పాత ఇంజన్ బోల్టులు మళ్ల బిగించు. మాకు గదే నయం."

"అన్నా, ఒక్క నిమిషం ఇటు రండి." సాయికుమార్ అతని మోచేయి పట్టుకుని వ్యాన్ వెనక్కి తీసుకెళ్లాడు.

"ఆమె ముంగట ఎందుకు జెప్పవ్?" కిష్ట్యా గొంతు తగ్గింది గానీ కోపం తగ్గలేదు. "ఖరాబ్ ఇంజనా? నడి తొవ్వల ఆగుతదా? జర నిజం జెప్పు."

సాయికుమార్ వ్యాన్ అద్దంలోంచి నీలా వైపు ఒకసారి చూశాడు.

"మా బండిలోనూ ఇలాంటి మంచమే ఉండేదండీ, దీపకి. పోయిన నెల ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, బండి దారిలో ఎక్కడా ఆగలేదన్నా. దీపే ఆగిపోయింది."