నది ఒడ్డున ఒక సీటు

వల దులుపుతుంటే వెనక కారు ఆగిన చప్పుడైంది.

ఫిలిపా తిరిగి చూడలేదు. అక్కడికి వచ్చే కార్లన్నీ తగువుకే వస్తాయి.

ఆస్ట్రేలియాలోని ఈ డార్లింగ్ నదిలో చేపలు లక్షలుగా చచ్చి తేలిన ఏడాది నుంచీ ఇదే వరస. ఎగువన పొలాలకి నీళ్ళు ఎక్కువగా తోడేయడమూ ఒక కారణమని ఒడ్డునున్న ఆమె ల్యాబు రాసింది. ఏళ్ళు గడిచినా రైతుల కోపం చల్లారలేదు.

ల్యాబులో ఇప్పుడు ఆమె ఒక్కతే. ఏడాదిపాటు నది మీద పరిశోధన చేసే విద్యార్థికి ఒక సీటు, ఉండటానికి ఒక గది ఉన్నాయి. చేరేవాళ్ళే లేరు. ఎండ, దుమ్ము, ఈగలు, పైన ఈ తిట్లు. ఎవరొస్తారు?

సాయంత్రం అయిదింటికి గడువు. ఈసారీ సీటు ఖాళీగా ఉంటే ల్యాబు మూసేస్తామని విశ్వవిద్యాలయం చెప్పేసింది.

"డాక్టరమ్మా!"

అరవై దగ్గర పడుతున్న మనిషి. ఎండకి కమిలిన మొహం. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఏం కావాలి?"

"ఏం లేదు. ఒకసారి చూసిపోదామని. ఆ సీసాలోవి చేపపిల్లలేనా?"

"అవును."

"బతికున్నాయా?"

ఫిలిపాకి ఒళ్ళు మండింది.

"మీరు నదిలో కాసిని నీళ్ళు మిగిలిస్తే బతుకుతాయి."

ఆయన నవ్వబోయి మానుకున్నాడు.

"ఇక్కడ ఉండటానికి గది ఊరికే ఇస్తారంట గదా?"

"ఇస్తారు. దానిమీద కూడా ఏడుపేనా? వెళ్ళి చూడండి, బాత్రూములో కప్పలు కాపురం పెట్టాయి."

"అబ్బే, అందుక్కాదు. ఇక్కడ పనిచేసేదంతా కుర్రపిల్లలేనా?"

"అయితే? మీ నది సంగతి కుర్రాళ్ళకేం తెలుసనా?"

"అది కాదు... ఆ మైక్రోస్కోపులో చూడ్డం, అవీ ఇవీ పోల్చుకోవడం... కష్టమా అని."

"కళ్ళు పోయేదాకా చూస్తే వస్తుంది." వల కింద పడేసింది. "చూడండి, పొద్దుట్నుంచీ నీళ్ళల్లోనే ఉన్నాను. నాకు ఓపిక లేదు. తిట్టాలనుకుంటే తిట్టేసి వెళ్ళిపోండి. మీరేం మొదటివారు కాదు."

ఆయన ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

"బాగా అలిసిపోయారు. ఊరికే విసిగించాను, ఏమనుకోకండి."

కారు దుమ్ము రేపుకుంటూ పోయింది.

ఈయనైనా అరవకుండా పోయాడు అనుకుంది ఫిలిపా.

మధ్యాహ్నమంతా కంప్యూటర్ ముందు కూర్చుంది. చేరతానని ఒక్కరూ రాయలేదు. అయిదు దాటాక ఆఫీసువాళ్ళే ఫోన్ చేశారు.

"ఎవరూ లేనట్టేనా?"

"లేనట్టే."

"అయితే మూసేద్దాం. మీకూ కాస్త విశ్రాంతి."

ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. ఎక్కడైనా కూలబడితే చాలనిపించింది. సీసాలోని చేపపిల్లల్ని నదిలో వదిలేసింది. తాళం వేసి, ఏదైనా తిందామని ఊళ్ళోకి వెళ్ళింది.

తిండి కొట్టు నడిపే నోలీన్ అప్పటికే కుర్చీలు ఎత్తి బల్లలమీద పెడుతోంది.

"రా తల్లీ! మాంసం కూరిన రొట్టె ఒక్కటే మిగిలింది. చల్లారిపోయింది మరి."

"ఫరవాలేదు, ఇవ్వండి."

నోలీన్ కాగితంలో చుడుతూ చుడుతూ ఉండబట్టలేక అడిగింది.

"ఇంతకీ మా తమ్ముడితో ఏమన్నావ్? వచ్చినప్పట్నుంచీ ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు."

"మీ తమ్ముడెవరు?"

"డెస్మండ్. పొద్దున నీ ల్యాబుకి రాలేదూ?"

"ఆయనా... వచ్చారు. అదీ ఇదీ అడిగి వెళ్ళిపోయారు."

"అసలు సంగతి అడగనే లేదా? ఖర్మ! వాడికి మొదట్నుంచీ అంతే, నోరు పెగలదు."

"ఏ సంగతి?"

"చేపలు చచ్చిన ఏడాది వాడి పొలం పక్కనంతా తెల్లగా తేలాయి. కొన ఊపిరితో ఉన్నవాటిని ఎత్తి తొట్టెల్లో వేశాడు. ఒక్కటీ దక్కలేదు. ఎందుకు పోయాయో తెలుసుకోవాల్సిందే అని పట్టుబట్టాడు. గొర్రెలమ్మేసి, ఇంట్లో కూచుని డిగ్రీ చదివాడమ్మా, ఆ వయసులో! మేమెంత నవ్వామో. నిరుడే పాసయ్యాడు."

నోలీన్ పొట్లం ఆమె చేతిలో పెట్టింది.

"ముందు నువ్వు సరేనంటేనే దరఖాస్తు పెట్టాలిట గదా. నీ దగ్గర విద్యార్థిగా చేరదామనే, తల్లీ, వాడు పొద్దున వచ్చింది."